ముందు సినిమా పేరు, తరువాతే యాప్

ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళే రోజున రోగులు, వారి బంధువులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. కుట్లు ఎప్పుడు తీస్తారు? స్నానం ఎప్పటినుంచి చేయవచ్చు? వంకాయ మానాలా, పప్పు తినవచ్చా? అన్నీ అయ్యాక, మందుల చీటీ సంచిలో పెట్టుకుంటూ, కొంచెం మొహమాటంగా చివరి ప్రశ్న వేస్తారు: "టీవీ చూడొచ్చాండీ?"

"చూడండి, చూడండి" అనేసి మేము పక్క మంచం దగ్గరకు వెళ్ళిపోతాం. నర్సుగా ఇరవై ఏళ్ళకు పైగా నేనూ అదే జవాబు చెబుతూ వచ్చాను. ఆ జవాబు ఎంత చాలీచాలనిదో 2024 నవంబరులో మా నాన్నగారికి మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ జరిగి, ఆయనను ఇంటికి తెచ్చుకున్నాక గానీ నాకు తెలియలేదు.

మూడు యాప్‌లు, ఒక్క సినిమా లేదు

నాన్నగారికి డెబ్భై ఏళ్ళు. రోజుకు రెండు మైళ్ళు నడిచే మనిషి. ఆపరేషన్ తరువాత కొన్ని వారాలు ఇల్లు కదలడానికి లేదు. "నాన్నకు పొద్దు పోవాలి కదా అక్కా" అని బెంగళూరులో ఉన్న మా తమ్ముడు టీవీలో మూడు ఓటీటీ యాప్‌లు పెట్టించి, మూడింటికీ చందా కట్టాడు.

మొదటి రోజు సాయంత్రం అమ్మ, నాన్న, నేను టీవీ ముందు కూర్చున్నాం. బొమ్మల వెంట బొమ్మలు. ఇది రక్తపాతం, అది హిందీ, ఇంకొకటి పేరు బాగుంది కానీ పది భాగాలు. నలభై నిమిషాలు రిమోటు నొక్కుతూనే ఉన్నాను. ఈలోగా టీ చల్లారింది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాన్నగారు "ఇక కట్టేయమ్మా, కళ్ళు లాగుతున్నాయి" అన్నారు. సినిమా మొదలవనే లేదు!

నాలుగో రోజు పరిస్థితి ఇంకొక విధంగా చెడింది. నిద్ర పట్టక ఆయన ఒక్కరే ఏదో హత్యల సీరియల్ పెట్టుకున్నారు. ఒక భాగం అయిపోగానే తరువాతది దానంతట అదే మొదలవుతుంది. రాత్రి రెండు దాటింది. తెల్లారి బీపీ ఎక్కువగా ఉంది, కాలు వాచి ఉంది. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి వస్తే "ఇవాళ వద్దు నాయనా" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. కొత్త కీలు వేసిన మొదటి వారాల్లో వ్యాయామం మానేస్తే మోకాలు బిగిసిపోతుంది. ఆ మాట ఎందరికో చెప్పిన నేను మా ఇంట్లో దాన్ని కళ్ళారా చూస్తున్నాను.

ఆ సాయంత్రం పక్కన కూర్చుని అడిగాను: "నాన్నగారూ, అసలు మీకు ఏం చూడాలని ఉంది?"

ఆయన వెంటనే, ఆలోచించకుండా చెప్పారు: "శంకరాభరణం."

వారం రోజులుగా మేము ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

యాప్ మనకు ఏం చూపిస్తుంది?

ఓటీటీ యాప్ తెరవగానే కనిపించేది మన కోసం ఎవరో కూర్చుని ఎంచిన జాబితా కాదు. అది కొట్టు ముందు పెట్టిన అద్దాల బీరువా లాంటిది. సంస్థ సొంతంగా తీసినవి, కొత్తగా కొన్నవి, మనం ఇంతకు ముందు చూసినవాటిని పోలినవి ముందు వరుసలో ఉంటాయి. ఒక రాత్రి హత్యల కథ చూస్తే మరునాడు మరో పది హత్యల కథలు వచ్చి నిలబడతాయి. 2017లో నెట్‌ఫ్లిక్స్ అధినేత రీడ్ హేస్టింగ్స్ తమకు పోటీ నిద్రతోనేనని బహిరంగంగా అన్నారు. కోలుకుంటున్న రోగి ఉన్న ఇల్లు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

ఇంకొక సంగతి. మన దేశంలో ఈ దుకాణాలు ఒకటి కాదు. హాట్‌స్టార్ 2015లో వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో, అమెజాన్ ప్రైమ్ వీడియో అదే ఏడాది డిసెంబరులో వచ్చాయి. తరువాత సన్ నెక్స్ట్, జీ5, 2020లో తెలుగుకే ప్రత్యేకంగా ఆహా, ఆపైన ఈటీవీ విన్ చేరాయి. 2025 ఫిబ్రవరిలో జియో సినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాయి. ఏ ఒక్కదానిలోనూ అన్ని సినిమాలూ ఉండవు. ఒక సినిమాను ప్రదర్శించే హక్కు సాధారణంగా కొంత కాలానికే ఇస్తారు. గడువు తీరితే ఆ సినిమా అక్కడినుంచి పోయి ఇంకొక చోట తేలవచ్చు, కొంతకాలం ఎక్కడా లేకనూ పోవచ్చు.

ఇది తెలియక మేము డబ్బు పోగొట్టుకున్నాం. ఎప్పుడో ఎవరో రాసిన జాబితా చూసి, శంకరాభరణం ఉందనుకుని నాలుగో యాప్‌కు ఏకంగా ఏడాది చందా కట్టాను. తీరా వెదికితే లేదు. డబ్బు తిరిగి రాలేదు. రెండు రోజుల తరువాత సినిమా వేరొక చోట దొరికింది. అందుకే చెబుతున్నాను: ముందు సినిమా పేరు తేల్చుకోండి, యాప్ సంగతి తరువాత.

మంచి సినిమా ఎలా దొరుకుతుంది?

పూర్వం ఎలా దొరికేదో ఇప్పుడూ అలాగే దొరుకుతుంది. మనల్ని ఎరిగినవారు చెబితే. శంకరాభరణం చరిత్రే దీనికి సాక్ష్యం. కె. విశ్వనాథ్ గారి దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు గారు నిర్మించిన ఈ చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. పేరున్న హీరో లేడు. ప్రధాన పాత్ర వేసిన జె.వి. సోమయాజులు గారు అప్పటికి డిప్యూటీ కలెక్టరు. కథేమో శాస్త్రీయ సంగీతం మీద. మొదటి రోజుల్లో హాళ్ళు పలచగా ఉన్నాయి. చూసినవాళ్ళు ఇంటికి వెళ్ళి మరొకరికి చెప్పారు, ఆ మాట మీదనే సినిమా నిలబడింది. మా నాన్నగారికి కూడా ఊళ్ళో ఒక మాస్టారు చెబితేనే, కొత్తగా పెళ్ళైన అమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్ళి చూశారట.

కాబట్టి రిమోటు పట్టుకునే ముందు ఒక కాగితం తీసుకోండి. రోగిని మూడు ప్రశ్నలు అడగండి: ఇదివరకు చూసినవాటిలో మళ్ళీ చూడాలని ఉన్నది ఏది? ఎవరితో కలిసి చూడాలని ఉంది? నవ్వాలని ఉందా, నెమ్మదిగా సాగే కథ కావాలా? ఆ తరువాత వారి అభిరుచి తెలిసిన బంధువుకో, స్నేహితుడికో ఫోను చేసి ఇంకో రెండు పేర్లు అడగండి. అయిదు పేర్లు రాయండి, చాలు. ఒక పేరు ఇంకొక పేరును పట్టుకొస్తుంది. శంకరాభరణం ఇష్టపడినవారికి అదే దర్శకుని సాగర సంగమం (1983), స్వాతిముత్యం (1986) ఉన్నాయి. హాయిగా నవ్వుకోవడానికి మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962) మూడు తరాల వారినీ ఒక గదిలో కూర్చోబెడతాయి.

కొత్తవి మంచివి లేవనుకోవద్దు. తల్లి చేతి నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి జీవితం మీద తీసిన మల్లేశం (2019), విశాఖపట్నంలోని ఒక పేట మనుషుల కథ కేరాఫ్ కంచరపాలెం (2018), లెక్కలు అర్థంకాని పిల్లవాడి కథ 35 చిన్న కథ కాదు (2024) ఇంటిల్లిపాదీ మాట్లాడుకునేలా చేస్తాయి.

రోగి స్థితిని బట్టి కొంత ఆలోచన అవసరం. బలగం (2023) చాలా మంచి సినిమా. కానీ ఇంటి పెద్దాయన మరణంతో అసలు కథ మొదలవుతుంది. నిన్ననే ఆసుపత్రి నుంచి వచ్చిన తాతగారి ముందు అడక్కుండా పెట్టవలసినది కాదు. మిథునం (2012) అంత చక్కని వృద్ధ దంపతుల కథ మరొకటి అరుదు. అయినా దాని ముగింపు గుర్తుంచుకుని పెట్టాలి.

ఇక్కడ నేనే తడబడ్డాను. శంకరాభరణంలో చివరకు శాస్త్రిగారు కచేరీలోనే కన్నుమూస్తారు. ఆ సంగతి గుర్తొచ్చి, "ఇంకేదైనా చూద్దాం నాన్నగారూ, అది చివర బాధగా ఉంటుంది" అన్నాను. ఆయన నవ్వి, "చివర ఏమవుతుందో తెలియకనా అడిగాను తల్లీ?" అన్నారు. వారి మనసుకు ఏది పడదో మనమే నిర్ణయించేయకూడదు. చెప్పి, అడిగి, వారి మాట వినాలి.

నవ్వు మంచిదే, కుట్లు జాగ్రత్త

అమెరికా పత్రికా సంపాదకుడు నార్మన్ కజిన్స్ తీవ్రమైన కీళ్ళ జబ్బుతో మంచాన పడినప్పుడు హాస్య చిత్రాలు తెప్పించుకుని చూశారు. పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టేదని తన అనుభవాన్ని 1976లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో, 1979లో పుస్తకంగా రాశారు. ఇది ఒక మనిషి అనుభవం మాత్రమే, మందులకు బదులు కాదు. కానీ నవ్విన రోగి కాస్త తేలికపడటం మేము వార్డులో రోజూ చూస్తున్నదే.

పొట్ట మీద గానీ ఛాతీ మీద గానీ ఆపరేషన్ అయినవారు మాత్రం ఒళ్ళో ఒక దిండు ఉంచుకోవాలి. నవ్వు, దగ్గు వచ్చినప్పుడు ఆ దిండును కుట్ల మీద మెల్లగా అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది.

ఇప్పుడు యాప్ ఎంచుకుందాం

కాగితం మీద అయిదు పేర్లు సిద్ధంగా ఉంటే ఈ పని సులువు.

1. ఒక్కొక్క పేరు ఎక్కడుందో చందా కట్టక ముందే చూడండి. జస్ట్‌వాచ్ వంటి వెబ్‌సైట్లు ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో చెబుతాయి. ఆపైన ఆ యాప్‌లోనే పేరు కొట్టి నిర్ధారించుకోండి. అయిదింటిలో మూడు ఎక్కడ ఉంటే అదే మీకు సరైనది.

2. ఇప్పటికే మీ దగ్గర ఏముందో చూసుకోండి. చాలా మొబైల్, బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో ఏదో ఒక ఓటీటీ కలిసే ఉంటుంది. ఉన్నదానికే మళ్ళీ డబ్బు కట్టేవారు ఎందరో.

3. నెల చందా ఉంటే నెలకే కట్టండి. ఏడాదికి చవక అనిపిస్తుంది, కానీ కోలుకునే కాలం ఒకటి రెండు నెలలే. ఈ నెల ఒకటి, వచ్చే నెల అవసరమైతే ఇంకొకటి. మందులకు, ఫిజియోథెరపీకి ఖర్చు పెడుతున్న ఇంట్లో ఈ పొదుపు చిన్నది కాదు.

4. దానంతట అదే డబ్బు కోసుకునే ఏర్పాటును గమనించండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబరు నుంచి, ఇలా ప్రతిసారీ డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు సమాచారం రావాలి. ఆ మెసేజిని చదవకుండా తోసేయవద్దు. వద్దనుకుంటే వెంటనే రద్దు చేయండి.

5. ప్లాను ఫోనుకు మాత్రమేనా, టీవీకి కూడానా అని అడగండి. చవకైన కొన్ని ప్లాన్లు టీవీలో పనిచేయవు. చిన్న ఫోనును చేత్తో పట్టుకుని రెండున్నర గంటలు చూడటం మెడకూ మంచిది కాదు, నలుగురూ కలిసి చూడటానికీ వీలుండదు. ప్రకటనలు వస్తాయో రావో కూడా తెలుసుకోండి.

6. డేటా లెక్క చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం మామూలు నాణ్యతలో గంటకు 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ఫోను నుంచి టీవీకి పెడితే హెచ్‌డీ సినిమా అరగంటకే ఆగిపోతుంది. నాణ్యత తగ్గించుకోండి, లేదా వైఫై ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

7. ఉచితమైనవీ ఉన్నాయి. హక్కులున్న సంస్థలే యూట్యూబ్‌లో పెట్టిన పాత తెలుగు సినిమాలు చాలా ఉన్నాయి. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్ తెచ్చింది. దొంగ సైట్ల జోలికి మాత్రం వెళ్ళవద్దు. అది చట్టవిరుద్ధం. పైగా అక్కడ ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకుని బెట్టింగ్ యాప్‌లకు, మోసాలకు దారితీస్తుంది. పింఛను డబ్బు ఉన్న ఫోనులో ఆ ప్రమాదం తెచ్చుకోకండి.

ఇంట్లో పిల్లలుంటే

తాతగారి గదిలో టీవీ ఉంటే మనవలు అక్కడే ఉంటారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు ప్రతి చిత్రానికీ యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అనే గుర్తు చూపాలి. యు/ఎ 13+, ఆపై వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సౌకర్యం కూడా ఇవ్వాలి. యాప్ సెట్టింగుల్లో పిల్లల పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ నంబరు పెట్టండి. అయిదు నిమిషాల పని. ఒక్కసారి చేస్తే, ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు రిమోటు కోసం తడుముకునే అవస్థ ఉండదు.

రెండేళ్ళు నిండని పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పొగాకు సన్నివేశాలున్న చిత్రాలకు మొదట్లో, మధ్యలో హెచ్చరిక చిత్రాలు వేయాలన్న నిబంధన 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీలకూ వర్తిస్తోంది. అవి వచ్చినప్పుడు ముందుకు జరపకండి. ఇంట్లో సిగరెట్ మానలేకపోతున్నవారు ఎవరైనా ఉంటే, మాట కదపడానికి అదొక సందర్భం.

చూసేటప్పుడు పాటించవలసినవి

పాత సినిమా హాల్లో విశ్రాంతి అని బోర్డు పడేది. ఇంట్లో ఆ బోర్డు మనమే వేయాలి. నాన్నగారికి ఫిజియోథెరపీ అబ్బాయితో మాట్లాడి ఒక పద్ధతి పెట్టాం. ప్రతి అరగంటకు సినిమా ఆగుతుంది. వాకర్ పట్టుకుని గది అటు చివరనుంచి ఇటు చివరకు నడక. కూర్చున్నంతసేపూ మధ్యమధ్య పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఇది సాయపడుతుంది. మోకాలి ఆపరేషన్ అయినవారు హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకోకూడదు, కాలు నిటారుగా రాకుండా పోతుంది. మడమ కింద పెట్టుకోవచ్చు. మీ విషయంలో ఎంతసేపు కూర్చోవచ్చో మీ డాక్టరు గారిని అడగండి.

ఒక భాగం అయ్యాక తరువాతది దానంతట అదే మొదలయ్యే ఏర్పాటును సెట్టింగుల్లో తీసేయండి. పడుకోవడానికి గంట ముందు టీవీ కట్టేయండి. రాత్రి మాత్రల వేళ దాటకూడదు. షుగరు ఉన్నవారు సినిమా చూస్తూ జంతికలు, చిప్స్ డబ్బా ఒళ్ళో పెట్టుకుంటే ఎంత తిన్నారో లెక్క ఉండదు. తినేది ఏదైనా చిన్న గిన్నెలో పెట్టుకోండి.

చివరగా చెవి సంగతి. రెండు సాయంత్రాలుగా అమ్మ "కాస్త శబ్దం పెంచు" అంటూనే ఉంది. నాన్నగారేమో చెవులు మూసుకుంటున్నారు. మొదటి రోజు ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది విసుగుతో కాదు, మాటలు అందక. తెలుగు సినిమాలకు సబ్‌టైటిల్స్ చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. అమ్మకు అవి పనికిరావు. చెవి డాక్టరు గారికి చూపిస్తే రెండు చెవులకూ వినికిడి తగ్గిందని తేలింది. మీ ఇంట్లో ఎవరైనా టీవీ శబ్దం పెంచమని పదేపదే అడుగుతుంటే కోప్పడకండి, పరీక్ష చేయించండి.

మెషిన్ పెట్టించాక అమ్మ, నాన్న పక్కపక్కన కూర్చుని శంకరాభరణం రెండు సాయంత్రాలు చూశారు, నాలుగు నడకలతో. నడవనని గోడవైపు తిరిగిన మనిషి, "తరువాతి పాట రాకముందే ఒక చుట్టు తిరిగొస్తాను" అని తానే వాకర్ అందుకున్నారు. ముగింపులో ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ రాత్రి నాన్నగారు తెల్లవార్లూ నిద్రపోయారు. మూడు యాప్‌లలో రెండింటిని ఆ మరునాడే మానిపించాం.

ఇప్పుడు వార్డులో ఎవరైనా "టీవీ చూడొచ్చాండీ?" అని అడిగితే, నేను మంచం పక్కన ఒక్క నిమిషం నిలబడి అడుగుతున్నాను: "మీకు ఏ సినిమా చూడాలని ఉంది?"